కిడ్నీ జబ్బులో రక్తనాళాలు గట్టిపడతాయి: క్రియాటినిన్ ఒక్కటే చూసుకుంటే చాలదు

మా నాన్నకి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టేది) కోసం వెళ్లిన రోజు, సర్జన్ గారు ఆయన మణికట్టు మీద వేలు పెట్టి చూసి, "బాబూ, నువ్వూ చూడు" అని నా వేలు కూడా అక్కడే పెట్టించారు. నాడి కొట్టుకుంటోంది, కానీ వేలి కింద మెత్తగా ఆడాల్సిన నాళం స్కూటర్ క్లచ్ వైరులా బిర్రుగా తగిలింది. "ఇది సగం ఎముకైపోయింది, ఇక్కడ కుట్టలేను, పైన మోచేతి దగ్గర చూద్దాం" అన్నారు. అప్పటికి ఆరేళ్లుగా మా ఇంట్లో జరుగుతున్నది ఏమిటంటే, మూణ్ణెల్లకోసారి ల్యాబ్‌కి వెళ్లడం, క్రియాటినిన్ (కిడ్నీ నీరసించేకొద్దీ రక్తంలో పెరిగే వ్యర్థం) 3.1 వస్తే హమ్మయ్య అనుకోవడం, 3.6 వస్తే అందరం టెన్షన్ పడటం, అంతే. అదే కాగితంలో నాలుగు లైన్ల కింద ఫాస్ఫరస్ అని ఇంకో అంకె ఉందని, దాన్నీ చదవాలని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ తర్వాత తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మందుల డోసులు మీ నెఫ్రాలజిస్టే చెప్పాలి. కానీ ఏది చూడాలో, ఏది అడగాలో, వంటింట్లో ఏది మార్చాలో, అది మన చేతిలో పనే.

ముందు అసలు ఏం జరుగుతుందో

బోరు నీళ్లకి గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కట్టినట్టు, రక్తంలో సున్నం ఎక్కువై నాళాల గోడలకి అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. అది సగమే నిజం. కాయిల్ ఏమీ చెయ్యదు, ఊరికే ఉంటుంది. రక్తనాళం అలా కాదు, అదే పూనుకుని ఎముకని కడుతుంది.

నాళం గోడ మధ్య పొరలో కండర కణాలుంటాయి. గుండె రక్తాన్ని తోసినప్పుడు సాగి, మళ్లీ ముడుచుకునేది ఆ పొర వల్లే. చుట్టూ ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంటే ఆ కణాలు దాన్ని లోపలికి లాక్కుంటాయి, అలా కొన్నాళ్లు గడిచాక కండరం పని మానేసి ఎముకలు కట్టే కణాల్లా తయారవుతాయి. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజాన్నే (హైడ్రాక్సీఎపటైట్ అంటారు) గోడలో పేర్చడం మొదలుపెడతాయి. సర్జన్ గారు "ఎముక" అన్నది మాటవరసకి కాదన్నమాట.

మరి కాల్షియం, ఫాస్ఫరస్ అందరి రక్తంలోనూ ఉంటాయి కదా, అందరికీ ఎందుకు గట్టిపడవు అంటే, వాటిని గడ్డకట్టనివ్వకుండా కాపలా కాసే పదార్థాలు కొన్ని ఒంట్లో ఉన్నాయి. లివర్ తయారుచేసే ఫెట్యూయిన్-ఎ ఒకటి, నాళం గోడే తయారుచేసుకునే, విటమిన్ కె లేకపోతే పనిచెయ్యని మాట్రిక్స్ గ్లా ప్రోటీన్ ఒకటి, పైరోఫాస్ఫేట్ ఇంకొకటి. కిడ్నీ జబ్బు ముదిరేకొద్దీ ఈ కాపలా కూడా బలహీనపడుతుంది. ఒకపక్క సరుకు పెరుగుతుంది, ఇంకోపక్క వాచ్‌మన్ లేడు.

ఇందులో మోసం ఎక్కడుందంటే, ఫాస్ఫరస్ అంకె చాలాకాలం నార్మల్‌గానే కనిపిస్తుంది. తిన్న ఫాస్ఫరస్‌లో ఎక్కువైనదాన్ని బయటికి పంపేది కిడ్నీ. అది నీరసించగానే ఎముకల్లోంచి ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోన్, మెడలో ఉన్న పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి పీటీహెచ్ అనే హార్మోన్ పెరిగి, మిగిలిన కిడ్నీ చేత ఓవర్‌టైమ్ చేయిస్తాయి. జీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందో చెప్పే అంకె) దాదాపు 30కి పడిపోయేదాకా ఈ బండి ఇలాగే నడుస్తుంది, రిపోర్టులో 4.2 అని చూసి మనం హాయిగా ఉంటాం. కానీ ఈ లోపల విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారడం తగ్గిపోతుంది, పీటీహెచ్ ఎముకల్ని కరిగించి కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నీ రక్తంలోకి వదులుతుంటుంది. ఎముక అరిగి నాళం గట్టిపడటం, రెండూ ఒకే మనిషిలో, ఒకేసారి. మోకాళ్ల నొప్పులంటూ సొంతంగా కాల్షియం మాత్రలు మింగేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాస్త ఆగండి, దీని గురించి కింద మళ్లీ చెబుతా.

ఇది కొత్త సంగతేమీ కాదు. కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల నాళాల్లో సున్నం చేరడం గురించి జర్మన్ డాక్టర్ విర్షో 1855లోనే రాశాడు. 2000లో అమెరికాలో చిన్నవయసు డయాలసిస్ పేషెంట్ల గుండె నాళాలకి స్కాన్ తీస్తే, 20 ఏళ్ల లోపు 23 మందిలో ఒక్కరికీ సున్నం కనపడలేదు, 20 నుంచి 30 ఏళ్ల మధ్య 16 మందిలో 14 మందికి కనపడింది. ముసలితనంలో వచ్చేదని మనం అనుకునేది పాతికేళ్లవాళ్లకి వచ్చేసింది.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. మా ఉద్దానంలో షుగరు లేకుండా, మొదట్లో బీపీ కూడా లేకుండా కిడ్నీ పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఏ నొప్పీ ఉండదు కాబట్టి జబ్బు బయటపడేసరికే క్రియాటినిన్ 5, 6 దాటి ఉంటుంది. అంటే నాళాల్లో పని ఎప్పుడో మొదలైపోయి ఉంటుంది. అందుకే స్టేజ్ 3 (కిడ్నీ జబ్బు ఐదు దశల్లో మధ్యది) అని తెలిసిన రోజు నుంచే ఇదంతా చూసుకోమంటాను, డయాలసిస్ దాకా ఆగొద్దు.

బ్లాకు లేదన్నారు కదా, మరి భయమెందుకు?

నాళాలు రెండు రకాలుగా పాడవుతాయి. ఒకటి లోపలి పొరలో కొవ్వు పేరుకుని దారి సన్నబడటం, అందరూ బ్లాకు అనేది దాన్నే. రెండోది మధ్య పొర ఎముకలా మారడం. దీన్ని 1903లో మోంకెబర్గ్ అనే ఆయన వర్ణించాడు. ఈ రెండోదాంట్లో దారి సన్నబడకపోవచ్చు, యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవనే రావచ్చు. కిడ్నీ పేషెంట్లకి తరచుగా రెండూ ఉంటాయి.

గొట్టం సాగకపోతే ఏమవుతుందో మీ బీపీ మిషన్‌లోనే కనిపిస్తుంది. మా నాన్నకి 178/58 వచ్చేది. కింద బీపీ తక్కువే ఉందిలే అని మేం సంతోషించేవాళ్లం, తీరా చూస్తే అదే చెడ్డ గుర్తు. గుండె కొట్టినప్పుడు నాళం సాగి ఆ దెబ్బని తనలో దాచుకోవాలి, కొట్టనప్పుడు ముడుచుకుంటూ ఆ రక్తాన్ని మెల్లగా ముందుకి పంపాలి. సాగకపోతే పైది ఎగిరిపోతుంది, కిందది పడిపోతుంది. గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా ఆ కింద బీపీ సమయంలోనే, అది కాస్తా తగ్గుతుంది. పైగా గట్టి గొట్టాల్లోకి తోసి తోసి గుండె గోడ దళసరి అవుతుంది. కిడ్నీ పేషెంట్లలో చాలామంది చివరికి గుండెతోనే ఎందుకు పోతారో ఇక్కడ అర్థమవుతుంది. అందుకని బీపీ రాసుకునేటప్పుడు పైదీ కిందదీ రెండూ రాయండి, తేడా 60 దాటుతూ ఉంటే ఆ పుస్తకం డాక్టర్‌కి చూపించండి.

రిపోర్టులో ఏం చూడాలి

ఫాస్ఫరస్, కాల్షియం, ఆల్బుమిన్, పీటీహెచ్. ఈ నాలుగు పేర్లూ ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఫాస్ఫరస్ సాధారణంగా 2.5 నుంచి 4.5 మధ్య ఉండాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి అంత కిందికి తేవడం కష్టం, అయినా వీలైనంత దాని దగ్గరికి లాగడమే పని. కాల్షియం అంకెని ఒంటరిగా నమ్మొద్దు, ఆల్బుమిన్ (కాల్షియాన్ని మోసుకుతిరిగే రక్తంలోని ప్రోటీన్) తక్కువుంటే అది దొంగ లెక్క చూపిస్తుంది. 4 లోంచి మీ ఆల్బుమిన్ తీసేసి, వచ్చినదాన్ని 0.8తో గుణించి, కాల్షియానికి కలపండి. ఉదాహరణకి కాల్షియం 8.4, ఆల్బుమిన్ 3 అనుకోండి, అసలు కాల్షియం 9.2 కింద లెక్క. 8.4 చూసి "కాల్షియం తగ్గింది" అని ఎవరైనా మాత్ర రాసేలోపు ఈ లెక్క మీరు వేసుకుని ఉంటే మంచిది.

పీటీహెచ్ మామూలువాళ్లకి 65 లోపు ఉంటుంది. డయాలసిస్ వాళ్లకి 300 వచ్చిందని హడలిపోనక్కర్లేదు, వాళ్లకి నార్మల్ పైఅంకెకి 2 నుంచి 9 రెట్ల దాకా ఒప్పుకుంటారు. ఒక్కసారి వచ్చిన అంకె కంటే అది ఎటు పోతోందో ముఖ్యం, అందుకే పాత రిపోర్టులు పారెయ్యకండి. ఎన్నాళ్లకోసారి అంటే, కాల్షియం, ఫాస్ఫరస్ స్టేజ్ 3లో 6 నుంచి 12 నెలలకోసారి, స్టేజ్ 4లో 3 నుంచి 6 నెలలకోసారి, స్టేజ్ 5లోనూ డయాలసిస్‌లోనూ 1 నుంచి 3 నెలలకోసారి.

నాళాలు ఇప్పటికే గట్టిపడ్డాయా అని చూడ్డానికి ఖరీదైన స్కాన్ అక్కర్లేదు. నడుముకి పక్క నుంచి తీసిన మామూలు ఎక్స్‌రేలో వెన్నెముక ముందు పెద్ద రక్తనాళం తెల్లటి గీతల్లా కనిపిస్తుంది, మధ్య పొర గట్టిపడ్డ సన్న నాళాలైతే రైలు పట్టాల్లాగే ఉంటాయి. ఎకోలో గుండె కవాటాలకి సున్నం పట్టిందో లేదో తెలుస్తుంది. వేరే కారణానికి తీయించిన పాత ఎక్స్‌రేలు ఇంట్లో ఉంటే అవే పట్టుకెళ్లి, "నాళాల్లో కాల్షియం కనిపిస్తోందా అండీ" అని అడగండి. మా ఇంట్లో అలాంటి ఎక్స్‌రే మూడేళ్లు బీరువా మీద పడి ఉంది. నడుం నొప్పికి తీయించాం, అందరూ వెన్నుపూసల్నే చూశారు.

కాళ్ల విషయం ఒకటి. చీలమండ దగ్గర బీపీ కొలిచి చేతి బీపీతో పోల్చే పరీక్ష ఉంది, దాంట్లో 1.4 దాటి వస్తే కాళ్లలో రక్తం బ్రహ్మాండంగా ఉందని కాదు అర్థం, నాళం గట్టిపడి పట్టీకి నొక్కుకోవట్లేదని. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలవాలి. షుగరు కూడా ఉన్నవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

వంటింటి దగ్గర

అసలు గొడవంతా ఇక్కడే. కిడ్నీ అనగానే "పప్పు మానెయ్, పాలు మానెయ్, అన్నీ మానెయ్" అనే బంధువులు ప్రతి ఇంటికీ ఉంటారు. మా నాన్న అలా మానేసి ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గారు. ఫాస్ఫరస్ ఎంత తిన్నామన్నది ఒక ఎత్తు, అందులో రక్తంలోకి ఎంత ఎక్కుతుందన్నది ఇంకో ఎత్తు. పప్పుల్లో, గింజల్లో ఉన్నది ఫైటేట్ రూపంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము మన పేగుల్లో సరిగా లేదు కాబట్టి సగానికి తక్కువే ఎక్కుతుంది. పాలు, మాంసం, చేపల్లోది అంతకంటే ఎక్కువ ఎక్కుతుంది. ప్యాకెట్ సరుకుల్లో ఫ్యాక్టరీలో కలిపే ఫాస్ఫేట్ లవణాలున్నాయి చూశారా, అవి 90 శాతం పైగా నేరుగా రక్తంలోకే.

కాబట్టి కత్తెర ముందు పడాల్సింది పప్పు గిన్నె మీద కాదు, ప్యాకెట్ల మీద. మన దేశంలో ప్యాకెట్ వెనక ఫాస్ఫరస్ ఎంతుందో రాయాలని నియమం లేదు, అందుకని కోడ్ నంబర్లు పట్టుకోవాలి. ఐఎన్‌ఎస్ 338 నుంచి 341 దాకా, ఇంకా 450, 451, 452. ఈ అంకెల్లో ఏది కనపడినా ఫాస్ఫేట్ కలిపినట్టే. నల్లటి కూల్‌డ్రింకుల్లో 338 ఉంటుంది, చీజ్ స్లైసుల్లో, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో, కేకుల్లో, ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే చికెన్ ముక్కల్లో మిగతావి తగులుతుంటాయి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి కాబట్టి షాపులోనే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి, కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. పేషెంట్‌ని చూడ్డానికి వచ్చేవాళ్లు అభిమానంగా తెచ్చే హెల్త్ డ్రింక్ డబ్బా కూడా లేబుల్ చదవకుండా తెరవొద్దు.

ఇక ఇంటి వంట. గుడ్డులో ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది, తెల్లసొనలో మంచి ప్రోటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ నామమాత్రం. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి ప్రోటీన్ తగ్గించకూడదు, కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, వాళ్లకి తెల్లసొన వరం. డయాలసిస్‌కి ముందు దశలో ఉన్నవాళ్ల లెక్క వేరు, ప్రోటీన్ తక్కువ తినమంటారు. పక్కింటాయన డైట్ చార్ట్ మీకు పనికిరాదు అనేది అందుకే. మాంసం ముందు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి తర్వాత కూర వండితే ఫాస్ఫరస్ కొంత పోతుంది, రుచి కూడా కొంత పోతుంది, అబద్ధం చెప్పను.

మా వైపు వాళ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు. ఎండు నెత్తళ్లు ముల్లుతో సహా తింటాం, ముల్లంటే కాల్షియం, ఫాస్ఫరసే, పైన ఉప్పు అదనం. పలాస జీడిపప్పు ఇంట్లో డబ్బాల కొద్దీ ఉంటుంది, 100 గ్రాముల్లో 500 మిల్లీగ్రాములు దాటి ఫాస్ఫరస్. పండగనాడు నాలుగు పలుకులు తింటే ఏమీ కాదు, టీవీ ముందు గిన్నె పెట్టుకుంటేనే కథ మారుతుంది.

మాత్ర వేసుకునే వేళ

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ మేం ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. ఫాస్ఫరస్ తగ్గడానికి ఇచ్చే మాత్రలు (కాల్షియం ఎసిటేట్, సెవలామర్, లాంథనమ్ లాంటివి) రక్తంలోకి వెళ్లి పనిచేసేవి కావు. పేగులో అన్నంతో కలిసి, అన్నంలోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని మలంలో బయటికి తీసుకుపోతాయి. అన్నం లేనప్పుడు అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. మా నాన్న భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, ఒక కునుకు తీసి, లేచాక మాత్రలన్నీ ఒకేసారి గుప్పెట్లో పోసుకుని మింగేవారు. "ఏమండీ, మాత్రలు వేసుకున్నారా?" అని అమ్మ అడిగితే వేసుకున్నాననేవారు, అదీ నిజమే. అలా ఎన్ని నెలలు, ఎన్ని డబ్బులు! ఇప్పుడు ఆ మాత్ర కంచంలోనే పచ్చడి పక్కన పెడుతుంది అమ్మ. రెండో ముద్దకి మాత్ర. రెండు నెలల్లో ఫాస్ఫరస్ 6.8 నుంచి 5.3కి వచ్చింది, డోసు మార్చకుండానే.

ఆ పూట ఏమీ తినకపోతే ఆ మాత్ర అక్కర్లేదు. పెద్ద భోజనానికి ఎన్ని, చిన్న టిఫినుకి ఎన్ని అన్నది డాక్టర్‌ని అడిగి రాసుకోండి. సెవలామర్ మాత్రని నమలకుండా మింగాలి, లాంథనమ్ అయితే నమలాలి. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, కొన్ని యాంటీబయాటిక్‌లు వీటితో పాటే వేసుకుంటే అవి ఒంటికి పట్టవు, థైరాయిడ్ మాత్రకి కనీసం 4 గంటలు ఎడం ఉండాలి. సెవలామర్ ఖరీదు ఎక్కువ, కాల్షియం రకం చవక, అందుకే చాలామందికి చవకదే రాస్తారు. కానీ నాళాల్లో ఇప్పటికే సున్నం కనిపించినా, కాల్షియం పైఅంచున ఉన్నా, "కాల్షియం లేని రకానికి మార్చొచ్చా" అని అడగడం మీ హక్కు. 2017 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా కాల్షియం మాత్రల డోసుని అదుపులో పెట్టమనే చెబుతున్నాయి.

డయాలసిస్‌తో అంతా కొట్టుకుపోతుందిలే అనుకునేవాళ్లకి ఒక లెక్క. రోజుకి 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తిని అందులో 600 ఎక్కితే వారానికి 4200. నాలుగు గంటల డయాలసిస్ ఒకసారికి తీసేది సుమారు 800. వారానికి మూడుసార్లైతే 2400, మన దగ్గర చాలామంది చేయించుకునే రెండుసార్లకైతే 1600. మిగతాది ఎక్కడికి పోతుంది? సెషన్ ఎగ్గొట్టడం, గంట ముందే లేచి వచ్చెయ్యడం నాళాల దగ్గర అప్పు చెయ్యడమే.

సొంతంగా చెయ్యకూడనివి

మందుల షాపులో అడిగి కాల్షియం మాత్రలు కొనొద్దు. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్లు, 6 లక్షల ఇంజెక్షన్లు ఊళ్లో ఎవరు చెప్పినా తీసుకోవద్దు, డి ఎక్కువైతే పేగుల్లోంచి కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువగా ఎక్కుతాయి. కడుపు మంటకని, బలానికని ఇచ్చే శంఖ భస్మం, ముత్యాల భస్మం కూడా కాల్షియమే, పేరు మారిందంతే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, అది నాళాలతో సంబంధం లేని వేరే ప్రమాదం, కానీ ప్రాణాంతకం. విటమిన్ కె2 మాత్రలు నాళాల్లో సున్నాన్ని కరిగిస్తాయని వాట్సాప్‌లో తిరుగుతోంది, ట్రయల్స్‌లో అది తేలలేదు.

రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ రకం మాత్ర వాడుతున్నవాళ్లు మటుకు ఈ సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. అది విటమిన్ కె ని అడ్డుకుంటుంది కాబట్టి పైన చెప్పిన కాపలా ప్రోటీన్ కూడా పడుకుంటుంది. సొంతంగా మాత్రం ఆపకండి, గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. తొడల మీద, పొట్ట మీద ఊదారంగు మచ్చలు వచ్చి, ముట్టుకోనివ్వనంత నొప్పి ఉండి, కింద గట్టిగా తగులుతుంటే చర్మం నాళాలు మూసుకుపోతున్నాయేమో, ఆయింట్‌మెంట్లు రాస్తూ కూర్చోకుండా అదే రోజు నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి.

బీడీ, సిగరెట్, షుగరు, బీపీ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, మీకు తెలుసు.

ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. కొత్త కిడ్నీ నాళాన్ని తీసుకొచ్చి కుట్టేది పొత్తికడుపులో కాలికి వెళ్లే పెద్ద నాళానికి, అది గట్టిపడి ఉంటే కుట్టు పట్టుకోదు. లిస్టులో పేరు రాయించేటప్పుడే రంగు మందు లేని సీటీ తీస్తారా అని అడగండి, దాత దొరికాక తెలిస్తే గుండె పగులుతుంది.

గట్టిపడ్డ నాళం మళ్లీ మెత్తబడుతుందా అని నేనూ అడిగాను. మామూలుగా పడదు, ఇంకా ముదరకుండా నెమ్మదింపజేయడమే అన్నారు. నాన్నకి ఫిస్టులా మోచేతి దగ్గర పెట్టారు, ఏడు వారాలకి సూదికి పనికొచ్చింది. ఫిస్టులా ఉన్న ఆ ఎడం చేతికి బీపీ పట్టీ కట్టనివ్వరు ఇప్పుడు, వేలు పెడితే రక్తం జుమ్మని తగులుతుంది కదా, ఎవరైనా కట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కుని "ఇందులో కరెంటు ఉంది" అంటారు.